ముందు మర మింగిన గాలి.. వెనుక మరకు వెలితి

దూరం తగ్గితే ఉత్పత్తికి గండి
కొత్త ప్రాజెక్టుల వేళ తేలాల్సిన లెక్కలెన్నో

ఉరవకొండ: పొలంలో సర్వే రాయి పాతారు. దానికి ఎర్రరంగు పూశారు. 'పాయింటు' మీ చేనులోనే పడిందని చెప్పి వెళ్లారు. నెలలు గడిచాక గాలిమర మాత్రం నాలుగు చేల అవతల లేచింది. ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప మండలాల పల్లెల్లో ఏ రచ్చకట్ట దగ్గర కూర్చున్నా ఇటువంటి కథ ఒకటి వినిపిస్తుంది. పక్క రైతు పైరవీ చేసుకున్నాడని ఒకరంటారు. దళారి మోసగించాడని మరొకరంటారు. పైరవీలు అసలే ఉండవని వాదించే ధైర్యం ఈ విలేకరికి లేదు. అయితే రాయి చోటు మారడానికి చాలా సందర్భాల్లో మరో కారణం ఉంటుంది. అది ఆఫీసుల్లో కాదు, గాలిలోనే ఉంటుంది.

ఒక గాలిమర తన వెనుక నిలిచిన మరకు గాలిని తగ్గించి పంపుతుంది. ఇంజినీర్లు దీనిని 'వేక్' అంటారు. మన మాటల్లో గాలినీడ అనుకుంటే సరిపోతుంది. ఈ నీడ కంటికి కనపడదు. కానీ పాయింటు ఎవరి చేనులో పడుతుందో, మరలో ఎన్ని యూనిట్లు పండుతాయో, పాత మర యజమానికి కొత్త మర వల్ల ఎంత నష్టమో తేల్చేది ఇదే. జిల్లాలో మళ్లీ భారీ పవన విద్యుత్ ప్రాజెక్టులు మొదలవుతున్న తరుణంలో దీనిని అర్థం చేసుకోవడం అవసరం.

వామి చాటున తూర్పార పట్టరు

విషయం మన రైతులకు కొత్తది కాదు. కళ్లంలో తూర్పార పట్టేవారు వామి చాటున నిలబడరు. గాలికి ఎదురుగా, అడ్డు లేని చోటు చూసుకుంటారు. ఇద్దరు తూర్పార పడుతుంటే ఒకరి వెనుక ఒకరు కాక పక్కపక్కన నిలుస్తారు. గాలిమరలను నిలిపే సూత్రం కూడా స్థూలంగా ఇదే.

గాలిలోని శక్తిని రెక్కలు లాగేసుకుంటాయి. శక్తి పోయిన గాలి నెమ్మదిస్తుంది. ఉన్న శక్తినంతా లాగడం ఏ మరకూ సాధ్యం కాదు. గరిష్ఠంగా 59.3 శాతం మాత్రమే తీసుకోగలదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ శతాబ్దం కిందటే లెక్క తేల్చారు. అంతకు మించి లాగాలని చూస్తే గాలి రెక్కల గుండా పోకుండా పక్కలకు తప్పుకుంటుంది. ఇలా కొంత శక్తి కోల్పోయి, రెక్కల తిప్పుడుకు సుడులు తిరుగుతూ గాలి వెనక్కి సాగుతుంది. పోను పోను ఆ నీడ వెడల్పవుతుంది. చుట్టుపక్కల, పైనుంచి వచ్చే తాజా గాలి అందులో కలుస్తుంది. కొంత దూరం పోయాక గాలి మళ్లీ పుంజుకుంటుంది. ఎంత దూరం అన్నదే అసలు ప్రశ్న.

ఈ లెక్కకు డెన్మార్క్‌లోని రిసో ప్రయోగశాలకు చెందిన జెన్సెన్ 1983లో ఒక సులువైన సూత్రం ఇచ్చారు. నేటికీ తొలి అంచనాలకు దానినే వాడుతున్నారు. దాని ప్రకారం సెకనుకు 8 మీటర్ల వేగంతో వీచే గాలి, మర దాటిన వెంటనే 4 మీటర్ల లోపునకు పడిపోతుంది. రెక్కల వలయం వ్యాసానికి 5 రెట్ల దూరంలో సుమారు ఆరున్నర మీటర్లకు, 7 రెట్ల దూరంలో దాదాపు 7 మీటర్లకు కోలుకుంటుంది. 10 రెట్ల దూరం పోయినా పూర్తి 8 మీటర్లు రాదు. సాధారణ మైదాన నేలకు వేసిన లెక్క ఇది.

ఎనిమిదికి ఏడు మిగిలితే నష్టమేమిటని అనిపించవచ్చు. ఇక్కడే తిరకాసు ఉంది. గాలి ఇచ్చే శక్తి వేగంతో సమానంగా పెరగదు, తగ్గదు. వేగాన్ని మూడుసార్లు గుణిస్తే వచ్చే లెక్కన మారుతుంది. గాలి వేగం పది శాతం తగ్గితే విద్యుత్తు పది శాతం కాదు, 27 శాతం తగ్గుతుంది. పై ఉదాహరణలో 7 రెట్ల దూరంలో నిలిచిన మరకు, గాలి సూటిగా ముందు మర మీదుగా వీచే వేళ, మూడో వంతుకు పైగా ఉత్పత్తి పోతుంది. 5 రెట్ల దూరమైతే దాదాపు సగానికి సగం పోతుంది.

ఏడాది పొడవునా ఇంత నష్టం ఉండదు. గాలి దిశ మారితే నీడ పక్కకు జరుగుతుంది. గాలి మరీ బలంగా ఉంటే ముందు మర తీసుకున్నా వెనుక మర పూర్తి సామర్థ్యంతో తిరిగేందుకు సరిపడా మిగులుతుంది. ఆషాఢంలో రేకులు ఎగిరిపోయే గాలి వీచే రోజుల్లో నష్టం కానరాదు. ఓ మోస్తరు గాలి ఉన్న రోజుల్లోనే వెనుక వరుస వెలవెలబోతుంది. అన్నీ కలిపి చూస్తే నేల మీది పవన క్షేత్రాల్లో సాధారణంగా ఏడాదికి 5 నుంచి 10 శాతం వరకు ఈ పద్దు కింద పోతుందని లెక్కిస్తారు. అమరిక చెడితే ఇంకా ఎక్కువ.

ఆ శాతాన్ని రూపాయల్లోకి మారిస్తే బరువు తెలుస్తుంది. 2 మెగావాట్ల మర ఒకటి ఏడాదిలో తన సామర్థ్యంలో నాలుగో వంతు పండిస్తుందనుకుంటే దాదాపు 44 లక్షల యూనిట్లు వస్తాయి. అందులో పది శాతం అంటే 4 లక్షల 40 వేల యూనిట్లు. యూనిట్ నాలుగున్నర రూపాయల చొప్పున చూస్తే ఒక్క మరకు ఏటా 20 లక్షలు. మర ఆయుర్దాయం 20 నుంచి 25 ఏళ్లు. మిగిలిన లెక్క పాఠకులే వేసుకోవచ్చు.

కొండ మీద ఒక తీరు.. చేలల్లో ఒక తీరు

మన ప్రాంతంలో గాలిమరల చరిత్ర 1990వ దశకంలో రామగిరి కొండలతో మొదలైంది. నాడు ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఉన్న రామగిరి 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లా పరిధిలోకి వచ్చింది. ఆ కాలపు మరలు 200, 250 కిలోవాట్ల శ్రేణివి. రెక్కల వలయం వ్యాసం 30 మీటర్లకు అటూఇటూ ఉండేది. గుట్ట వెన్నుపూస వెంట ఒకే వరుసలో, నైరుతి గాలికి ఎదురొడ్డి నిలిపితే ఒకదాని నీడ మరొకదానిపై పడే ప్రమాదం తక్కువ. అయితే పక్కపక్క మరలు మరీ దగ్గరైతే గాలి కాస్త వాలుగా వీచినప్పుడు చిక్కు వస్తుంది.

తర్వాతి కాలంలో మరలు కొండలు దిగి చేలల్లోకి వచ్చాయి. ఉరవకొండ పరిసరాల నల్లరేగడి, ఎర్రనేలల్లో ఇప్పుడు వరుస వెనుక వరుసగా నిలిచి ఉన్నాయి. మైదానంలో నీడను తప్పించుకునే మార్గం దూరం ఒక్కటే. దేశంలో చాలాకాలంగా చెలామణిలో ఉన్న కొలత '5 బై 7'. గాలి వీచే దిశలో వ్యాసానికి 7 రెట్లు, దానికి అడ్డంగా 5 రెట్లు ఎడం ఉండాలని దాని అర్థం. రామగిరి నాటి 27 మీటర్ల వలయానికి 7 రెట్లంటే 190 మీటర్ల లోపే. నేడు దేశంలో అమ్ముడవుతున్న 3 మెగావాట్ల శ్రేణి మరల్లో కొన్నింటి వలయం 144 మీటర్లు. దానికి 7 రెట్లంటే కిలోమీటరు. సర్వే రాయి నాలుగు చేలు దాటిపోవడానికి కారణం ఇదే. ముందు మర ఒక చోట ఖరారైతే వెనుకవన్నీ దానిని బట్టి కదులుతాయి. ఒక పట్టాపై కోర్టు వివాదం తలెత్తి ఒక పాయింటు జరిగితే, దాని వెంట మరో అయిదారు పాయింట్లు జరుగుతాయి. ఈ మాట సర్వేకు వచ్చినవారు రైతుకు ముందే చెబితే సగం తగవులు ఉండవు. వారు చెప్పరు. రాయి పాతడంతోనే మర వచ్చినట్టు కాదని కాగితం మీద రాసివ్వడానికి ఖర్చేమీ కాదు.

ఎడం పాటించడమంటే ఆ నేలంతా ఖాళీగా ఉంచడం కాదు. మర పునాదికి, దారికి పోయేది కొద్దిపాటి నేలే. నడుమ వేరుశనగ, కంది, పప్పుశనగ పండుతూనే ఉన్నాయి.

పొగమంచు పట్టించిన రహస్యం

కంటికి కనపడని గాలినీడ ఒక్కసారి మాత్రం ప్రపంచమంతటికీ కనపడింది. డెన్మార్క్ పశ్చిమ తీరానికి ఆవల సముద్రంలో హార్న్స్ రెవ్ అనే పవన క్షేత్రం ఉంది. 2002లో నిర్మించారు. 2 మెగావాట్ల మరలు 80. రెక్కల వలయం 80 మీటర్లు. మరకూ మరకూ నడుమ ఎడం 560 మీటర్లు, అంటే సరిగ్గా 7 రెట్లు. 2008 ఫిబ్రవరి 12 ఉదయం సముద్రం మీద తేమ నిండిన గాలి చల్లబడి, ప్రతి మర వెనుక తెల్లని పొగమంచు చారగా పరుచుకుంది. ముందు వరుస మరలకు ఎదురుగా గాలి నిర్మలంగా ఉంది. వాటి వెనుక చారలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చివరి వరుసల దగ్గర తెల్లని దుప్పటి కప్పినట్టు ఉంది. హెలికాప్టర్ నుంచి తీసిన ఆ ఫొటో నేటికీ ఇంజినీరింగ్ కళాశాలల్లో పాఠంగా చూపిస్తున్నారు.

అక్కడి కొలతలు మరో సంగతి తేల్చాయి. మొదటి వరుస నుంచి రెండో వరుసకు పడే దెబ్బ పెద్దది. గాలి సూటిగా వీచినప్పుడు దాదాపు 40 శాతం దాకా ఉంది. మూడు, నాలుగు వరుసలకు మాత్రం నష్టం అదే తీరున పెరుగుతూ పోలేదు. పైనుంచి దిగే తాజా గాలి లోటును కొంత పూడ్చింది. సముద్రం మీద గాలి నునుపుగా సాగుతుంది కనుక నీడ దూరం నిలుస్తుంది. చెట్లు, గుట్టలు ఉన్న మన నేల మీద కొంత త్వరగా చెదురుతుంది.

పగటికీ రాత్రికీ తేడా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కి గాలి కిందికీ మీదికీ కలబడుతుంది. నీడ త్వరగా కరిగిపోతుంది. రాత్రివేళ నేల చల్లబడితే గాలి పొరలు పొరలుగా, కదలకుండా పరుచుకుంటుంది. అప్పుడు నీడ కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. ఆకాశం తేటగా ఉండే మెట్ట ప్రాంతాల్లో ఈ తేడా మరింతగా కనిపిస్తుంది.

నష్టం యూనిట్లతోనే ఆగదు. సుడిగాలి తగిలిన వెనుక మర రెక్కలపై భారం ఒక్క తీరున ఉండదు. రెక్క ఒక వైపు బలమైన గాలిలో, మరో వైపు బలహీనమైన గాలిలో తిరుగుతుంది. గతుకుల దారిలో రోజూ తిరిగే ఆటో స్ప్రింగులు త్వరగా పోయినట్టే బేరింగులు, గేర్‌బాక్సు త్వరగా అరుగుతాయి.

ఎగువ రైతు.. దిగువ రైతు

ఒకే సంస్థ మరలు ఒకదానికొకటి అడ్డుపడితే అది ఆ సంస్థ లెక్క. అంచనా తప్పితే పెద్ద సంస్థలకే చేయి కాలుతుంది. సముద్ర పవన విద్యుత్తులో ప్రపంచ దిగ్గజమైన డెన్మార్క్ సంస్థ ఓర్‌స్టెడ్ 2019 అక్టోబరులో తాను గాలినీడను, మరల గుంపు ముందే గాలి మందగించే అవరోధాన్ని తక్కువగా అంచనా వేశానని బహిరంగంగా ఒప్పుకొంది. కొన్ని ప్రాజెక్టులపై రాబడి అంచనాను అర శాతం తగ్గించుకుంది.

ఎగువన ఒకరి మరలు, దిగువన మరొకరి మరలు ఉన్నప్పుడే అసలు తగవు. హెచ్చెల్సీ కింద చివరి ఆయకట్టు రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కాలువ తలలో ఉన్నవారు తూము ఎత్తితే చివర ఉన్నవారికి చేరేది తడి మాత్రమే. అమెరికాలోని టెక్సాస్‌లో పక్కపక్కనే వెలసిన పవన క్షేత్రాలపై 2019లో వెలువడిన పరిశోధన ఒకటి ఇదే సంగతి చెప్పింది. ఎగువన కొత్త మరలు వచ్చాక దిగువ క్షేత్రం ఉత్పత్తి సుమారు 5 శాతం పడిపోయింది. దిగువవారికి పరిహారం కోరేందుకు అక్కడ స్పష్టమైన చట్టం లేదని కూడా ఆ పరిశోధకులు ఎత్తిచూపారు.

మన దగ్గర ఈ పోరు ముందుగా తెలిసింది తమిళనాడుకు. కన్యాకుమారి జిల్లా ముప్పందల్, ఆరల్వాయ్‌మొళి కనుమల వద్ద చిన్న మరలు కిక్కిరిసి ఉన్నాయి. ఒక్కో మర ఒక్కో యజమానిది. పాత మర పీకి పెద్ద మర నిలుపుదామంటే చుట్టుపక్కల చిన్న మరలన్నీ దాని నీడలో పడతాయి. ఎడం నిబంధన పాటిద్దామంటే స్థలం చాలదు. పాత మరల స్థానంలో కొత్తవి తెచ్చే ప్రయత్నం ఏళ్ల తరబడి నత్తనడక నడవడానికి ఇదొక ముఖ్య కారణం. కేంద్రం 2023లో, తమిళనాడు ప్రభుత్వం 2024లో ఇందుకోసం ప్రత్యేక విధానాలు ప్రకటించాల్సి వచ్చింది. రామగిరి పాత మరల విషయంలోనూ నేడో రేపో ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ సామర్థ్యం 4 వేల మెగావాట్లు దాటి, కొన్నేళ్లపాటు అక్కడే ఆగింది. ధరల వివాదం, ఒప్పందాల సమీక్ష, కోర్టు కేసులు అందుకు కారణాలు. అది వేరే కథ. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం తెచ్చింది. 2025 మే నెలలో గుత్తి మండలం బేతపల్లి వద్ద రెన్యూ సంస్థ సౌర, పవన, బ్యాటరీ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. తొలి దశలోనే 250 మెగావాట్ల పవన విద్యుత్తు ఉంది. 3 మెగావాట్ల మరలైతే 80కి పైగా కావాలి. పటం ముందు పెట్టుకుని చూస్తే, వానాకాలపు గాలికి వజ్రకరూరు వైపు ఎగువ, గుత్తి వైపు దిగువ. నడుమ దూరం పదుల కిలోమీటర్లు కనుక పగటిపూట ప్రభావం లెక్కలోకి రాకపోవచ్చు. కానీ నడుమ ఉన్న నేలలో రేపు మరెవరైనా మరలు నిలిపితే పరిస్థితి అలాగే ఉండదు. మరలు ఎత్తు పెరిగేకొద్దీ తగిన స్థలాలూ పెరుగుతున్నాయి. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ అంచనాలో రాష్ట్ర పవన సామర్థ్యం 100 మీటర్ల ఎత్తున 44 గిగావాట్లు కాగా 150 మీటర్ల ఎత్తున 123 గిగావాట్లు. అంటే పోటీ పెరుగుతుందే తప్ప తగ్గదు.

కేంద్ర పునరుత్పాదక ఇంధన మంత్రిత్వశాఖ 2016 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. రోడ్లకు, ఇళ్లకు ఎంత ఎడంగా మర ఉండాలో వాటిలో ఉంది. చప్పుడు బాధ లేకుండా నివాసాలకు 500 మీటర్లు అన్నారు. కానీ ఎగువ మర వల్ల దిగువ మరకు నష్టం వస్తే ఎవరు కొలవాలి, ఎవరు తీర్చాలి అన్నది సామాన్యుడికి అర్థమయ్యే తీరులో ఎక్కడా లేదు. నీటి విషయంలో మనం ఈ దశ దాటాం. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకుండా 2002 నాటి వాల్టా చట్టం అడ్డుకుంటోంది. అమలు అంతంతమాత్రమే అయినా చట్టమంటూ ఉంది. గాలికి వాల్టా లేదు.

కనీసం ప్రతి మర ఎక్కడ ఉందో, ఎత్తెంతో, వలయం ఎంతో తెలిపే పటాన్ని నెడ్‌క్యాప్ అందరికీ తెరిచి ఉంచాలి. కొత్త ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చే ముందు పొరుగు మరలపై దాని నీడ ఎంత పడుతుందో నివేదిక తీసుకుని, పొరుగువారికీ ప్రతి ఇవ్వాలి. పరిహారం మాట తర్వాత. ముందు కొలత ఉండాలి. ఎందుకంటే తగ్గిన ఉత్పత్తి భారం చివరకు కంపెనీ ఖాతాలోనే ఆగదు. యూనిట్ ధర నిర్ణయంలో, బ్యాంకు అప్పు వాయిదాల్లో అది తేలుతుంది. అక్కడి నుంచి డిస్కం బిల్లులోకి చేరుతుంది.

మర కాస్త పక్కకు తిరిగితే..

నీడను పూర్తిగా పోగొట్టలేరు కానీ పక్కకు నెట్టవచ్చు. ముందు మరను గాలికి సూటిగా కాక కొన్ని డిగ్రీలు వాలుగా తిప్పితే దాని ఉత్పత్తి కొద్దిగా తగ్గుతుంది. దాని నీడ మాత్రం వెనుక మరకు తగలకుండా పక్క నుంచి పోతుంది. రెండూ కలిపి చూస్తే మొత్తం పెరుగుతుంది. దీనిని వాణిజ్య స్థాయిలో పరీక్షించిన చోట్లలో మన దేశమూ ఉండడం విశేషం. అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తల బృందం వాయవ్య భారతంలోని ఒక పవన క్షేత్రంలో జరిపిన ప్రయోగ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మొత్తం మీద ఉత్పత్తి 1.2 శాతం పెరిగింది. సెకనుకు 6 నుంచి 8 మీటర్ల గాలి వేళల్లో 3 శాతం పెరిగింది. కొత్త ఇనుము, కొత్త నేల అక్కరలేదు. కంప్యూటర్‌లో ఆదేశం మారిస్తే చాలు. ఒక్క శాతమే కదా అని తీసిపారేయరాదు. పైన వేసిన లెక్కలో ఒక్క 2 మెగావాట్ల మరకు 50 వేల యూనిట్లకు పైగా అది. అయితే ముందు మర ఒకరిది, వెనుక మర మరొకరిది అయినప్పుడు తన మరను వాలుగా తిప్పి పొరుగువాడికి మేలు చేయడానికి ఎవరు ఒప్పుకొంటారు? ఇక్కడ సాంకేతికం ఆగి, ఒప్పందాల పని మొదలవుతుంది.

వాన పోయిందనే మాట

గాలిమరలు మబ్బులను తరిమేస్తున్నాయన్న మాట పల్లెల్లో గట్టిగా ఉంది. కొట్టిపారేయడం తేలిక. కానీ వరుసగా పంట పోయిన రైతుకు జవాబు చెప్పాలి. గాలినీడ నేలకు దగ్గరి గాలిని కలియబెడుతుందనేది నిజం. ప్రస్తుతం ఐఐటీ ఢిల్లీలో ఉన్న శాస్త్రవేత్త సోమనాథ్ బైద్య రాయ్ కాలిఫోర్నియా పవన క్షేత్రం వద్ద తీసిన పాత కొలతలను పరిశీలించి, 2010లో ఈ సంగతి వెల్లడించారు. మరల వెనుక రాత్రిపూట నేల దగ్గర గాలి కొంత వెచ్చగా, పగలు కొంత చల్లగా ఉంది. పైనున్న వెచ్చని గాలిని సుడులు రాత్రివేళ కిందికి తేవడమే కారణం. 2012లో టెక్సాస్‌పై ఉపగ్రహ లెక్కలతో వెలువడిన అధ్యయనం కూడా రాత్రి ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగినట్టు చూపింది. మరల దగ్గరి పొలాల్లో మంచు పడే తీరు, తేమ ఆరే తీరు మారుతోందా అన్నది మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇక్కడే కొలిచి చెప్పదగిన విషయం.

వాన సంగతి వేరు. మర రెక్క కొస 200 మీటర్లకు అటూఇటూ తిరుగుతుంది. వానమబ్బు అంతకు ఎంతో పైన, కిలోమీటర్ల మందాన పేరుకుంటుంది. పడమటి కనుమలు నైరుతి మబ్బులను ముందే పిండేయడం వల్ల ఈ నేల సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల వద్దే ఉంది. జిల్లా కరవుల చరిత్ర రామగిరి మొదటి మర కంటే ఎంతో పాతది. గాలి విషయంలో కనుమలదీ ఒక రకంగా ఎగువ రైతు వాటమే.

ఉరవకొండ సమీపంలో రాయి పాతించుకున్న రైతొకరు ఈ వివరమంతా ఓపికగా విన్నారు. ''మర రాకపోతే పాయె, రాయన్నా తీసుకుపోతారా సార్'' అని అడిగారు. పాయింటు మారినట్టు ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఎవరో వచ్చి అడుగుతారేమోనని ఆ రాయిని కదపలేదు. ఈ ఖరీఫ్‌లోనూ దాని చుట్టూ గుంటక తిప్పి వేరుశనగ విత్తారు.